జేబులో మాగ్నం, తోటలో ఎలుగు

"దుబాయ్‌లో అన్నీ దొరుకుతాయంటారు గదరా. మరి చిన్న రివాల్వర్ ఒకటి దొరకదేటి?"

2022 జూలైలో ఒక శుక్రవారం రాత్రి మా బావ ఫోన్లో అడిగిన మొదటి మాట ఇది. మా అక్కా బావలది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. నాలుగెకరాల జీడితోట, కొంచెం కొబ్బరి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పోగా మిగిలిన చెట్లు, ఆ తర్వాత నాటిన మొక్కలు. ఇన్నేళ్ళలో బావ నన్ను అడిగినవి ఏమిటంటే ఒక వాచీ, రెండు దుప్పట్లు, మోకాళ్ళ నొప్పికి పూసుకునే మందు. రివాల్వర్ అడగడం ఇదే మొదటిసారి. నవ్వాను. అవతల ఆయన నవ్వలేదు.

కారణం ఉంది. అంతకు కొన్ని వారాల ముందే, జూన్‌లో, వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగుబంటి ఒక రైతు ప్రాణం తీసింది. ఆ తర్వాత మరికొందరిని తీవ్రంగా గాయపరిచింది. అటవీశాఖ వాళ్ళు మత్తు ఇచ్చి పట్టుకున్నారు గానీ ఆ ఎలుగూ బతకలేదు. 2018లో సోంపేట వైపు కూడా ఇలాగే మనుషులు పోయారు. మా వాళ్ళ తోట ఆ ఊళ్ళకి మరీ దూరం కాదు. మా అక్క వేకువన నాలుగున్నరకే లేచి జీడిగింజలు ఏరడానికి వెళ్ళే మనిషి.

"తుపాకీ మోసుకుని తిరగలేను. మొలలో పెట్టుకునేది కావాలి. తేలిగ్గా ఉండాలి, దెబ్బ మాత్రం గట్టిగా ఉండాలి. యూట్యూబులో సూసినాను, మాగ్నం అంటారు" అన్నాడు బావ.

తేలిక, చిన్నది, గట్టి దెబ్బ. ఆ మూడు మాటల వెంటపడి నేను ఏడాదిన్నర తిరిగాను. షార్జాలో కూర్చుని లెక్కలు కట్టే ఉద్యోగం నాది; తుపాకులకీ నాకూ ఏ సంబంధమూ లేదు. కానీ అడిగింది అక్క మొగుడు, వెనకాల ఉన్నది అక్క ప్రాణం. తెలుసుకున్నవి మన సంఘం పత్రికలో రాయమని మిత్రులు అన్నారు. మనలో చాలామందికి ఊళ్ళో తోటలున్నాయి, పొలాల్లో అమ్మానాన్నలున్నారు. "దుబాయ్ నుంచి పట్రా" అనే బావలూ ఉన్నారు.

ముందు మనం ఉంటున్న దేశం సంగతి. ఎమిరేట్స్‌లో ఆయుధాల మీద 2019 నాటి 17వ నంబరు ఫెడరల్ డిక్రీ చట్టం ఉంది. తుపాకీ ఒక్కటే కాదు, తూటాలూ విడిభాగాలూ దాని కిందికే వస్తాయి. లైసెన్సు లేకుండా దగ్గర ఉంచుకుంటే జైలు. మనలాంటి ఉద్యోగాల వాళ్ళకి తుపాకీతో పరిచయం కావాలంటే షూటింగ్ క్లబ్బు ఒక్కటే దారి. పోనీ ఇక్కడ ఎలాగో సంపాదించినా, ఇండియాలోకి దాన్ని టీవీ పెట్టెలా తీసుకెళ్ళలేం. లైసెన్సూ ప్రత్యేక అనుమతులూ లేకుండా కస్టమ్స్ గడప దాటదు. ఈ మాట మొదటి రాత్రే చెప్పేశాను. బావ ఒప్పుకున్నట్టే ఒప్పుకుని, సెప్టెంబరులో విజిట్ వీసా మీద దిగాడు.

ఆ నెలాఖరున అబుదాబిలో వేట, గుర్రపుస్వారీల అంతర్జాతీయ ప్రదర్శన జరుగుతోంది. అందరూ అడిహెక్స్ అంటారు. 2003 నుంచి జరుగుతున్న పెద్ద తిరనాళ్ళ లాంటిది. పిల్లలకి డేగల కోసం, సలూకీ వేటకుక్కల కోసం, ఒంటెల కోసం తప్పక చూపించాలి. మా చిన్నవాడు డేగల దగ్గర నిలబడిపోయాడు. బావ తుపాకుల హాల్లో నిలబడిపోయాడు. అద్దాల వెనుక వెండి చెక్కడాల వేట తుపాకులు, అబుదాబిలోనే తయారైన కారకల్ పిస్తోళ్ళు. లైసెన్సు ఉన్న స్థానికులు కాగితాలు చూపించి కొనుక్కుంటున్నారు. బావ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, గుళ్ళో ఉత్సవ విగ్రహం చూసినట్టు చూశాడు.

ఇక్కడో చిన్న పిట్టకథ. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో డబుల్ ట్రాప్ షూటింగ్ ఫైనల్. స్వర్ణం షేక్ అహ్మద్ బిన్ హషర్ అల్ మక్తూమ్‌ది, యూఏఈ చరిత్రలో తొలి ఒలింపిక్ పతకం. పక్కనే రజతం మన రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్‌ది, స్వతంత్ర భారతంలో వ్యక్తిగత విభాగంలో తొలి రజతం. మనం ఉంటున్న దేశమూ మన దేశమూ ఒకే పోటీలో, ఒకే మెట్ల మీద. పిల్లలకి ఈ సంగతి చెప్పండి, బడిలో క్విజ్‌కి పనికొస్తుంది.

మర్నాడు బావని ఒక షూటింగ్ క్లబ్బుకి తీసుకెళ్ళాను. దుబాయ్ జెబెల్ అలీలో, షార్జాలో, అల్ ఐన్‌లో ఇలాంటివి ఉన్నాయి. గుర్తింపు కార్డో పాస్‌పోర్టో చూపించి, శిక్షకుడి పక్కన నిలబడి కాల్చవచ్చు. శిక్షకుడు ఫిలిప్పీన్స్ ఆయన, చాలా ఓపికమంతుడు. కాల్చేముందు నాలుగు ముక్కలు చెప్పాడు. ఏ తుపాకీనైనా తూటా ఉన్నదానిలాగే చూడు. నాశనం చెయ్యదల్చుకోని దేనివైపూ గొట్టం తిప్పకు. గురి కుదిరేదాకా వేలు మీట మీద పెట్టకు. గురి వెనకాల ఏముందో తెలుసుకో. మా చిన్నవాడు వాటిని గుణింతంలా అప్పజెప్పాడు.

బావ చేతికిచ్చింది పెద్ద 9 మిల్లీమీటర్ల పిస్తోలు. బరువైనది, మెత్తగా తన్నేది, కొత్తవాళ్ళకి అనువైనది. పది మీటర్ల దూరంలో మనిషంత కాగితం. పది గుండ్లు కాల్చాడు. కాగితానికి తగిలినవి నాలుగు. అందులో ఒకటి మూలకి. ఏసీ గదిలో, వెలుతురులో, చెవులకి రక్షణ పెట్టుకుని, తొందరపెట్టేవాళ్ళెవరూ లేకుండా. బయటికొచ్చాక కరక్ చాయ్ తాగుతూ బావ చాలాసేపు మాట్లాడలేదు.

"అది పెద్దది గాబట్టి నాకు లొంగలేదు. చిన్నదైతే బాగుంటాది" అన్నాడు చివరికి.

చాలామంది పొరబడేది సరిగ్గా ఇక్కడే. నేనూ అప్పటికి అలాగే అనుకున్నాను.

మాగ్నం అంటే ఏమిటో రెండు మాటలు చెప్పి ముందుకెళ్తాను. 1935లో అమెరికాలో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ .357 మాగ్నం అనే తూటా తెచ్చింది. అప్పటికే పోలీసులు వాడుతున్న .38 స్పెషల్ తూటా గొట్టాన్నే దాదాపు మూడు మిల్లీమీటర్లు పొడిగించి మందు దట్టించారు. ఆ పొడవు ఎందుకంటే, పొరపాటున కూడా అది పాత .38 రివాల్వర్ చక్రంలో పట్టకూడదని. అటునుంచి ఇటు మాత్రం కుదురుతుంది; .357 రివాల్వర్‌లో .38 తూటా వేసి హాయిగా కాల్చవచ్చు. అప్పట్లో మాగ్నం రివాల్వర్ అంటే కిలో పైన తూగే ఉక్కు ముద్ద. ఆ బరువే దాని తన్నుని మింగేది.

తర్వాత లోహాలు మారాయి. 2000 ప్రాంతం నుంచి స్కాండియం కలిపిన అల్యూమినియం చట్రాలు, టైటానియం చక్రాలు వచ్చాయి. అదే కంపెనీ 340 పీడీ అనే అయిదు తూటాల రివాల్వర్ తూకం సుమారు 335 గ్రాములు. గొట్టం పొడవు అయిదు సెంటీమీటర్లకన్నా తక్కువ. సుత్తి పైకి కనిపించదు, జేబులోంచి తీసేటప్పుడు బట్టకి తట్టుకోదు. రూగర్ కంపెనీ ఎల్‌సీఆర్‌లో .357 రకం 2010లో వచ్చింది. అది సుమారు 480 గ్రాములు. అదే రూగర్ వాళ్ళ ఉక్కు రివాల్వర్ ఎస్‌పీ 101 పొట్టి గొట్టం రకం 740 గ్రాముల దాకా తూగుతుంది. తూటా మాత్రం మూడింటిలోనూ అదే.

ఇప్పుడు ఉద్దానం పిల్లలకి తెలిసిన లెక్క. తెప్ప మీంచి గట్టుకి దూకితే తెప్ప వెనక్కి పోతుంది కదా. పెద్ద పడవ మీంచి దూకితే అంతగా కదలదు. దూకినవాడు గుండు, తెప్ప రివాల్వర్. ఒకే తూటాకి రివాల్వర్ బరువు సగమైతే వెనక్కి తన్నే శక్తి రెండింతలవుతుంది. కిలో రివాల్వర్‌తో పోలిస్తే 335 గ్రాముల దానిది దాదాపు మూడింతలు. ఆ మూడింతలూ అరచేతిలో, బొటనవేలి మొదట్లో దిగుతాయి.

ఈ లెక్క కాగితం మీద తెలియడం వేరు. 2023 వేసవిలో డాలస్‌లో మా అన్నయ్య కొడుకింటికి వెళ్ళినప్పుడు కళ్ళారా చూశాను. వాడు అక్కడే పుట్టినవాడు, కొండల్లో నడకలకి వెళ్తుంటాడు, మూడేళ్ళుగా గురి అభ్యాసం ఉంది. మన బావ కథ చెప్తే, అద్దెకిచ్చే రేంజికి తీసుకెళ్ళాడు. నేను ముట్టుకోలేదు. టూరిస్టు వీసా మీద వెళ్ళినవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ చేత పట్టడానికి, వేట లైసెన్సు లాంటి ఏవో కొద్దిపాటి మినహాయింపులు తప్ప, అక్కడి ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. అమెరికా వెళ్ళే మన పెద్దవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. ఫొటో కోసం పిల్లలు చేతికిస్తారు, సరదాగా ఉంటుంది, చట్టానికి సరదా ఉండదు. నేను అద్దం ఇవతల నిలబడ్డాను.

వాడు అద్దెకి తీసుకున్నది ఆ 335 గ్రాముల రకమే. ముందు .38 తూటాలు అయిదు. ఏడు గజాల దూరంలో కాగితం మీద అయిదూ పళ్ళెమంత జాగాలో పడ్డాయి. తర్వాత మాగ్నం అయిదు. మొదటిదానికే గొట్టం ముందు పిడికిలంత మంట, అద్దం ఇవతల నా ఛాతీలో దెబ్బ. గొట్టం పొట్టిది కాబట్టి మందు కొంత బయటే కాలుతుందట. రెండోదానికి వాడి మోచేతులు వంగాయి. మూడోది కాల్చకముందే కళ్ళు మూసుకోవడం నేను చూశాను. నాలుగోది కాగితం కింద నేలకి తగిలింది. అయిదోది కాల్చలేదు. రివాల్వర్ బల్లమీద పెట్టి చెయ్యి విదిలించుకుంటూ బయటికొచ్చాడు.

"బాబాయ్, ఇది మొయ్యడానికి చాలా బాగుంటుంది. కాల్చడానికే బాగోదు" అన్నాడు.

ఆ తర్వాత వాడు చెప్పినవన్నీ నాకు కొత్తే. ఇంత తేలికైన వాటిలో ఎదురుతన్నుకి, చక్రంలో మిగిలిన తూటాల్లోంచి గుండ్లు కాస్త ముందుకి జారి, చక్రం తిరక్కుండా పట్టేసే ప్రమాదం ఉందట. సుత్తి లేని రకాల్లో ప్రతిసారీ మీట సుమారు అయిదు కిలోల ఒత్తిడితో లాగాలి; 335 గ్రాముల వస్తువు మీద అయిదు కిలోలు లాగితే గొట్టం కదలకుండా ఎలా ఉంటుంది? ముందు గురికీ వెనక గురికీ మధ్య దూరం తక్కువ కాబట్టి చిన్న వణుకు కూడా గురిలో పెద్ద తేడా. అందుకే తెలిసినవాళ్ళు చాలామంది మాగ్నం రివాల్వర్ కొని, అందులో .38 తూటాలే వేసుకుంటారట. అభ్యాసం మానేసేంత నొప్పి పెట్టే ఆయుధం వాళ్ళ దృష్టిలో పనికిరానిది. నిజంగా ఒకటి ఎంచుకోవలసి వస్తే వాడు ఎంచుకునేది అరకిలో నుంచి ముప్పావు కిలో మధ్య తూగేది, పిడి చేతినిండా పట్టేది, కాస్త పొడవు గొట్టం ఉన్నది. కొనేముందు అద్దెకి తీసుకుని కనీసం యాభై తూటాలు కాల్చి చూస్తాడు. మరి జంతువులున్న అడవికి వెళ్ళేటప్పుడు? వాడు నడుముకి తగిలించుకునేది మిరప మందు డబ్బా.

నేను నమ్మలేదు. చదివి చూశాను. అలాస్కాలో 1985 నుంచి 2006 వరకు ఎలుగుబంట్ల మీద మిరప స్ప్రే వాడిన ఘటనల్ని టామ్ స్మిత్, స్టీఫెన్ హెరెరో బృందం పరిశీలించి 2008లో వ్యాసం వేసింది. దగ్గరగా ఎదురుపడి స్ప్రే వాడినవాళ్ళలో 98 శాతం మందికి ఏ గాయమూ కాలేదు. తర్వాత 2012లో అదే పరిశోధకులు తుపాకుల మీద రాశారు. దగ్గర తుపాకీ ఉన్నవాళ్ళలో, దాన్ని వాడినవాళ్ళకీ వాడనివాళ్ళకీ గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అక్కడివి వేరే జాతి ఎలుగులు, నిజమే. మన నల్ల ఎలుగుది ఇంకో తీరు. చెదపుట్ట తవ్వుతూనో పండు తింటూనో ఉండగా మనిషి అలికిడి దానికి సరిగా వినపడదు. మనం దాని ముక్కు ముందుకి వెళ్ళేదాకా తెలియదు. తెలిసిన క్షణంలో భయంతో మీద పడుతుంది. అప్పటికి దూరం అయిదారు మీటర్లు. మనిషికన్నా వేగంగా వస్తుంది. బావ పది మీటర్ల దూరంలో కదలని కాగితానికి నాలుగు తగిలించాడు కదా, అది గుర్తొచ్చింది.

ఇండియా వైపు కాగితాలు కూడా చూశాను, లేకపోతే బావ ఊరుకోడు. మన దగ్గర పౌరులు విదేశీ తుపాకులు దిగుమతి చేసుకోవడం 1980ల మధ్య నుంచి దాదాపు ఆగిపోయింది. అంతకుముందు వచ్చిన పాత .357లు చేతులు మారుతుంటాయి గానీ ధర లక్షల్లో, తూటాలు దొరకడం గగనం. లైసెన్సు మీద మామూలుగా దొరికేది .32. కాన్పూర్ ఆయుధ కర్మాగారం 2014 జనవరిలో 'నిర్భీక్' అని టైటానియం మిశ్రమంతో అరకిలో రివాల్వర్ తెచ్చింది. ధర అప్పట్లో లక్షా ఇరవై రెండు వేల పైచిలుకు. 2023 ఆగస్టులో 'ప్రబల్' వచ్చింది, దాదాపు 700 గ్రాములు. రెండూ .32లే. ఆ తూటా బలం .357లో నాలుగో వంతు ప్రాంతంలో ఉంటుంది. మనిషికి భయం చెప్పడానికి సరిపోవచ్చు. వంద కిలోల పైన తూగే ఎలుగుకి, ఆ దట్టమైన బొచ్చు కింద, అది కోపం పెంచే వస్తువు.

లైసెన్సు కలెక్టరు ఇవ్వాలి. పోలీసు విచారణ, డాక్టరు సర్టిఫికెట్, తుపాకీ వాడకంలో శిక్షణ పత్రం. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే, లైసెన్సు గడువు అయిదేళ్ళు. ఎన్నికలొస్తే స్టేషన్లో అప్పగించాలి. పెళ్ళిళ్ళలో గాల్లోకి కాల్చడం అదే సవరణతో నేరమైంది. మన ఫంక్షన్ల వీడియోలు చూసి ఉత్తరాది మిత్రులతో పోటీ పడేవాళ్ళకి ఈ ముక్క. నాకు ఆశ్చర్యం వేసింది ఇంకోటి: 1959 నాటి ఆయుధ చట్టమే ఆత్మరక్షణకి, పంట కాపలాకి లైసెన్సు గురించి చెప్పేచోట ఇరవై అంగుళాలకి తక్కువ కాని గొట్టమున్న నునుపు గొట్టం తుపాకీ, నోట్లోంచి మందు కూరే నాటు తుపాకీ అని రాసింది. అరవై ఏళ్ళ కిందటి వాళ్ళకి కూడా పొలం కాపలా అంటే పొడుగు తుపాకీ అనే తెలుసు.

ఎలుగుబంటి వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు. ప్రాణం కాపాడుకోవడానికి సద్బుద్ధితో చేసినదైతే 11వ సెక్షను నేరం కాదంటుంది. కానీ చీకట్లో జీడితోటలో ఏది సద్బుద్ధో తర్వాత నిరూపించుకోవలసినది మనమే. పైగా అదే తోటలో పక్క వరసలో అక్క ఉంటుంది, కూలికొచ్చిన నలుగురు ఆడవాళ్ళు ఉంటారు. గురి వెనకాల ఏముందో తెలుసుకో అని ఫిలిప్పీన్స్ ఆయన చెప్పినది.

వీటన్నిటి మధ్యలో మా ఇంట్లోనే ఒక తంటా జరిగింది. క్లబ్బుకి వెళ్ళిన రోజు మా చిన్నవాడు నేలమీద మెరుస్తున్న ఖాళీ తూటా గొట్టం ఒకటి జేబులో వేసుకున్నాడు. ఇత్తడి, అందంగా ఉంటుంది, ఏ పిల్లవాడికైనా వేసుకోవాలనిపిస్తుంది. అది వాడి బడి సంచి అడుగున మూడు నెలలు ఉంది. సంక్రాంతి సెలవులకి ఇండియా వెళ్తూ అదే సంచి వాడి భుజానికి తగిలించాం. తిరుగు ప్రయాణంలో స్కానర్ దగ్గర ఆపేశారు. ఏ విమానాశ్రయమో ఎందుకులెండి, అక్కడివాళ్ళు తమ పని తాము చేశారు. మూడు గంటల విచారణ, నా సంతకాలు, వాడి ఏడుపు, పోయిన విమానం. ఖాళీది కాబట్టి, చిన్నపిల్లవాడు కాబట్టి అంతటితో సరిపోయింది. లోపల మందున్న తూటా అయివుంటే ఆయుధ చట్టం కింద కేసు. తెలిసి దగ్గర ఉంచుకుంటేనే అది 'స్వాధీనం' అవుతుందని సుప్రీంకోర్టు 1972లోనే గుణ్వంత్‌లాల్ కేసులో చెప్పింది. తెలియక సంచిలో ఉండిపోయిన తూటాల కేసుల్ని ఆ మాట మీద హైకోర్టులు కొట్టేస్తుంటాయి కూడా. అయితే ఆ కొట్టివేత వచ్చేదాకా ఇక్కడ ఉద్యోగం ఆగదు కదా. ప్రయాణానికి ముందు పిల్లల సంచులు బోర్లించి దులపండి. పిల్లలూ, క్లబ్బులో అయినా ఎడారి క్యాంపులో అయినా తూటా కనిపిస్తే ముట్టుకోకండి, పెద్దవాళ్ళని పిలవండి. బొమ్మ పిస్తోలు కూడా విమానంలోకి వద్దు.

2023 అక్టోబరులో ఇండియా వెళ్ళి, డాలస్ వీడియో బావకి చూపించాను. మేనల్లుడు చెయ్యి విదిలించుకునే చోట ఆపి రెండుసార్లు చూశాడు.

"మీసాలున్న కుర్రోడికే ఇలాగైతే నా సెయ్యి ఏటైపోద్ది" అన్నాడు.

"మరి ఎలుగు?" అంది అక్క. అడగవలసిన ప్రశ్న అదే, అడిగింది తనే.

మేము ఆ సాయంత్రం తోటంతా తిరిగాం. బావకి తెలియనివి కావు, చెయ్యడానికి తీరిక లేనివి. జీడిగింజ తీసుకుని పండు అక్కడే పారేస్తారు; ఆ పులిసిన వాసనకి ఎలుగులు వస్తాయి. పండ్లు పోగుచేసి దూరంగా గొయ్యిలో కప్పెట్టాలి. పనస పండనివ్వకుండా ముందే కోసెయ్యాలి. బావి దగ్గర, దారి పక్కన మోకాలెత్తు పెరిగిన తుప్పలు కొట్టెయ్యాలి, కనీసం ఇరవై అడుగులు కనిపించేలా. వేకువన నాలుగున్నరకి కాదు, వెలుగొచ్చాకే దిగాలి; ఒంటరిగా అసలు వద్దు. మాట్లాడుకుంటూ, డబ్బా కొట్టుకుంటూ వెళ్ళాలి, మన అలికిడి దానికి ముందే వినపడేలా. నేను మిరప స్ప్రే మాట ఎత్తాను గానీ, అది విమానంలో చేతి సంచిలోనూ కుదరదు, పెద్ద పెట్టెలోనూ కుదరదు. మనుషుల కోసం అమ్మే చిన్న సీసాలు ఎలుగుకి చాలవు. దాన్ని వదిలేశాం.

వెలుగొచ్చాక దిగడం అంటే రోజుకి గంటన్నర పని పోవడం. ఎండ ఎక్కకముందు ఏరాల్సిన గింజలు. ఆ లెక్క బావ వేళ్ళ మీద కట్టాడు, కూలీ ఎంత ఎక్కువవుతుందో, సీజన్లో ఎన్ని బస్తాలు తగ్గుతాయో. రివాల్వర్‌కి పెట్టాలనుకున్న డబ్బుతో పోలిస్తే చిన్న మొత్తమే. అయినా వేకువ పని మానడానికి మా అక్క ఒప్పుకోవడానికి మూడు రోజులు పట్టింది.

2024 ఏప్రిల్లో, జీడి సీజన్ మధ్యలో, బావ ఒక ఫొటో పంపాడు. బావి పక్కన తడి మట్టిలో ఎలుగు అడుగులు, పక్కన కొలతకి ఆయన చెప్పు. రాత్రి వచ్చి, పనస చెట్టు చుట్టూ తిరిగి, వెళ్ళిపోయింది. ఆరున్నరకి అందరూ కలిసి దిగినప్పుడు చూశారట. ఫోన్ చేశాను.

"ఈసారి వొచ్చినప్పుడు తలకి కట్టుకునే టార్చీలు రెండు పట్రా. అక్కకొకటి, నాకొకటి" అన్నాడు.

"ఎంత బరువుండాలి బావా?"

"తేలిగ్గానే ఉండాలి. వెలుతురు గట్టిగా ఉండాలి."

నాలుగు కొన్నాను. వాటి బ్యాటరీలు చేతి సంచిలో పెట్టుకోవాలి, పెద్ద పెట్టెలో కాదు. చిన్నవాడి సంచి మాత్రం మా ఆవిడ రెండుసార్లు బోర్లించింది.